సుఖం తగ్గిపోయాక కూడా చెయ్యి ఎందుకు ఆగదు? మత్తు వ్యసనంలో బహుమానం, అలవాటు

1. ప్రశ్నార్థకం

వ్యసనం గురించి తెలుగులో దొరికే వ్యాసాలన్నీ రెండు ముక్కల దగ్గర ఆగిపోతున్నాయి. ఒకటి, "డోపమీన్ ఆనంద రసాయనం, మత్తుమందు దాన్ని పొంగిస్తుంది". రెండు, "తర్వాత అది అలవాటైపోతుంది". ఈ రెండిటికీ ముడి ఎక్కడ పడుతుందో ఎవరూ చెప్పరు. ఆనందం కోసమే తీసుకుంటుంటే, అది తగ్గిపోయిన రోజున మానెయ్యాలి కదా? పోనీ ఉత్త అలవాటే అనుకుందామంటే, పళ్లు తోముకోవడం కోసం ఎవరూ అప్పులు చేయరు, అబద్ధాలాడరు.

మెదడులో ఏ భాగం ఏం చేస్తుందో, అది ఏ ప్రయోగంతో తేలిందో తెలిసినవాళ్లు విడమరిచి చెప్పండి. స్వానుభవాలకు వేరే చర్చ ఉంది, దయచేసి ఇక్కడ వద్దు.

2. అడుగుమెదడు

ముందు ఆ "ఆనంద రసాయనం" అన్న మాట పక్కన పెట్టాలండీ. సగం గందరగోళం దానివల్లే.

వుల్ఫ్రామ్ షుల్జ్ కోతుల మెదడులో డోపమీన్ న్యూరాన్లను ఒక్కొక్కటిగా రికార్డు చేశాడు. కోతి నోట్లో అనుకోకుండా పళ్లరసం చుక్క పడితే ఆ న్యూరాన్లు ఒక్కసారిగా చురుగ్గా మోగాయి. రసానికి ముందు ప్రతిసారీ ఒక సంకేతం ఇస్తూ పోతే, కొంతకాలానికి ఆ మోత సంకేతం దగ్గరకు జరిగింది. రసం పడ్డప్పుడు మాత్రం ఉలుకూ పలుకూ లేదు. సంకేతం ఇచ్చి రసం ఇవ్వకపోతే, సరిగ్గా రావలసిన క్షణంలో న్యూరాన్ల వేగం మామూలు స్థాయి కంటే కిందికి పడింది. రసం అన్నిసార్లూ అదే రసం. మారిందల్లా కోతి అంచనా.

అంటే ఆ సంకేతం చెప్పేది "ఎంత బాగుంది" అని కాదు, "అనుకున్నదానికీ వచ్చినదానికీ ఎంత తేడా" అని. 1997లో షుల్జ్, డయాన్, మాంటేగ్ కలిసి రాసిన పత్రం దీన్ని లెక్కలోకి తెచ్చింది. తేడా మిగులుగా తేలితే, అప్పుడే చేసిన పనికి దారితీసిన సినాప్సులు (న్యూరాన్ల మధ్య అతుకులు) గట్టిపడతాయి. డోపమీన్ పని మార్కులు వేయడం.

మరి రుచి, సుఖం? బెరిడ్జ్, రాబిన్సన్ బృందం 1989లో ఎలుకల మెదడులో డోపమీన్‌ను దాదాపు తుడిచిపెట్టేసింది. అవి తిండి జోలికి పోవడం మానేశాయి. అయినా నాలుక మీద చక్కెర నీళ్లు వేస్తే ఎప్పటిలాగే ఇష్టంగా చప్పరించాయి. కోరడం పోయింది, ఇష్టపడటం మిగిలింది. రెండూ వేరు వేరు తీగలన్నమాట. వ్యసనంలో ఇది తిరగబడుతుంది: ఇష్టం అడుగంటుతుంది, కోరిక మాత్రం పెరుగుతూ పోతుంది. 1993లో వీళ్లిద్దరూ ప్రతిపాదించిన సిద్ధాంతం సారం అదే. మీ మొదటి ప్రశ్నకు సగం జవాబు ఇక్కడుంది.

మామూలు బహుమానం అలవాటుపడ్డాక తేడా సున్నా అవుతుంది, నేర్చుకోవడం ఆగుతుంది. మత్తుమందు రసాయనికంగా నేరుగా డోపమీన్‌ను పెంచేస్తుంది కనుక, అంచనా ఎంత పెరిగినా "అనుకున్నదానికంటే మెరుగే" అన్న మార్కు పడుతూనే ఉంటుందని 2004లో రెడిష్ ఒక గణిత నమూనా ఇచ్చాడు. ఆ మార్కు పడ్డ ప్రతిసారీ అలవాటు మరో పొర గట్టిపడుతుంది.

3. మీటనొక్కుడు

పై పోస్టులో చివరి వాక్యం ఒప్పుకునే ముందు "అలవాటు" అంటే ఏమిటో తేల్చుకోవాలి. ప్రయోగశాలలో దీనికి చాలా ఇరుకైన అర్థం ఉంది. తరచుగా చేసేదల్లా అలవాటు కాదు. ఫలితం విలువ పడిపోయినా ఆగని పని అలవాటు.

పరీక్ష ఇలా చేస్తారు. మీట నొక్కితే తిండి గుళిక వస్తుందని ఎలుకకు నేర్పుతారు. తర్వాత మీట లేని చోట అవే గుళికలు పెట్టి, తిన్న వెంటనే లిథియం క్లోరైడ్ ఇంజెక్షన్ ఇస్తారు. దాంతో వికారం పుడుతుంది. కొన్ని విడతలకు ఎలుక ఆ గుళిక ముఖం చూడదు. అప్పుడు మీట దగ్గరకు తిరిగి తెస్తారు. ఈసారి ఎంత నొక్కినా గుళిక రాదు. ఈ మెట్టు చాలామంది వదిలేస్తారు గానీ అసలు కీలకం ఇదే. గుళిక వస్తే ఎలుక అక్కడికక్కడే కొత్త పాఠం నేర్చేసుకుంటుంది. మనకు కావలసింది పాత పాఠం ఏ రూపంలో నిలిచిందన్నది.

నొక్కడం తగ్గిస్తే, ఫలితాన్ని మనసులో పెట్టుకుని చేస్తోందన్నమాట. పాత జోరుతోనే నొక్కితే గానుగెద్దు నడక. 1982లో ఆడమ్స్ చూపింది ఇదే: ఫలితం దక్కిన నొక్కుళ్లు 100 ఉన్నప్పుడు ఎలుకలు తగ్గించాయి, 500 దాటాక తగ్గించలేదు.

లెక్క ఒక్కటే కాదు, వరస కూడా ముఖ్యం. ఎంత నొక్కితే అంత వస్తుంటే పనికీ ఫలితానికీ ఉన్న లంకె కళ్లముందే ఉంటుంది, అలవాటు మెల్లగా కుదురుతుంది. కొంత సమయం గడిస్తే తప్ప రాదన్నట్టు పెడితే ఆ లంకె మసకబారి, త్వరగా కుదురుతుంది. దీర్ఘకాలపు ఒత్తిడి కూడా ఇటే తోస్తుంది. 2009లో డియాస్-ఫెరేరా బృందం ఒత్తిడికి గురైన ఎలుకలు గుళిక విలువ పడిపోయినా నొక్కడం తగ్గించకపోవడమే కాకుండా, వాటి మెదడులో లక్ష్యం చూసే ప్రాంతం కుంచించుకుపోయి అలవాటు చూసే ప్రాంతం విస్తరించిందని చూపింది.

ఇంకొకటి. 2006లో నెల్సన్, కిల్‌క్రాస్ శిక్షణకు ముందే కొన్ని రోజులు యాంఫెటమిన్ ఇచ్చి ఆపేశారు. తర్వాత నేర్పింది తిండి పని, మందుతో సంబంధమే లేదు. అయినా ఆ ఎలుకల్లో అలవాటు మామూలు కంటే తొందరగా కుదిరింది. అంటే మందు తన అలవాటునే కాదు, అలవాటు చేసుకునే యంత్రాన్నే చురుకు చేస్తోంది.

4. ప్రశ్నార్థకం

"లక్ష్యం చూసే ప్రాంతం", "అలవాటు చూసే ప్రాంతం" అన్నారు. ఎక్కడున్నాయి ఇవి? ఒకటి రెండోదాన్ని మింగేస్తుందా?

5. అడుగుమెదడు

రెండూ స్ట్రయేటమ్‌లోనే. మెదడు లోతుల్లో ఉండే ఈ ముద్దను మూడు వాటాలుగా ఊహించుకోండి.

కింది వాటా న్యూక్లియస్ అకంబెన్స్. సంకేతాలకు, బహుమానాలకు ఆకర్షణ అంటించేది ఇదే. దీనికి డోపమీన్ నడిమెదడులోని వెంట్రల్ టెగ్మెంటల్ ఏరియా నుంచి వస్తుంది. పై వాటాలో లోపలి సగం, మనుషుల్లో ఇంచుమించు కాడేట్, నుదుటి వెనక నిర్ణయాలు చూసే మెదడు పైపొర అయిన ప్రీఫ్రంటల్ కార్టెక్స్‌తో మాట్లాడుతుంది. "ఇది చేస్తే అది వస్తుంది" అన్న లెక్క ఇక్కడ. పై వాటాలో బయటి సగం, మనుషుల్లో పుటామెన్, ఇంద్రియాలనూ కదలికలనూ చూసే కార్టెక్స్‌తో ముడిపడి ఉంది. "ఇది కనిపిస్తే ఇలా కదులు" అన్నది ఇక్కడ. పై వాటాకు డోపమీన్ ప్రధానంగా అదే నడిమెదడులోని సబ్‌స్టాన్షియా నైగ్రా నుంచి అందుతుంది.

2004, 2005లలో యిన్, నోల్టన్, బలైన్ ఈ రెండు సగాలనూ విడివిడిగా దెబ్బతీసి చూశారు. బయటి సగం పోతే, ఎంత శిక్షణ ఇచ్చినా ఎలుక ఫలితాన్ని చూసుకునే నొక్కింది. లోపలి సగం పోతే మొదటి నుంచీ గుడ్డిగానే నొక్కింది. మింగేయడం కాదండీ. రెండూ పక్కపక్కనే బతికే ఉంటాయి, పగ్గం చేతులు మారుతుంది. బయటి సగాన్ని తాత్కాలికంగా నిద్రపుచ్చితే పాత లెక్క మళ్లీ పైకి వస్తుంది. చికిత్సకు ఆశ ఉన్నదంతా ఈ ఒక్క వాక్యంలో ఉంది.

ఇక ముడి. 2000లో సుజేన్ హేబర్ బృందం కోతి జాతుల్లో ఒక నిర్మాణం చూపింది. అకంబెన్స్ నుంచి కిందికి వెళ్లే తీగలు తమకు డోపమీన్ ఇచ్చే న్యూరాన్ల దగ్గరకే కాకుండా, పక్క వాటాకు డోపమీన్ ఇచ్చే న్యూరాన్ల దగ్గరకూ వెళ్తాయి. ఆ పక్కది ఇంకో పక్కదానికి. మెట్ల చుట్టలాగా కింది నుంచి పైకి. బహుమానం వైపు జరిగిన సంగతి చుట్టు చుట్టుకూ అలవాటు వైపు చేరడానికి దారి ఇది.

అది ఉత్త బొమ్మ కాదని 2008లో బెలిన్, ఎవరిట్ తేల్చారు. ఎలుక మెదడులో ఒక పక్క అకంబెన్స్‌ను దెబ్బతీసి, అవతలి పక్క పై-బయటి వాటాలో డోపమీన్‌ను అడ్డుకున్నారు. రెండు పక్కలా ఒక్కో ముక్క బాగానే ఉంది, లంకె మాత్రం ఎక్కడా లేదు. బాగా అలవాటైన కొకైన్ వెతుకులాట దాంతో పడిపోయింది. మనుషుల్లో 2006లో వోల్కోవ్ బృందం కొకైన్ వ్యసనం ఉన్నవాళ్లకు కొకైన్ దృశ్యాలున్న వీడియో చూపించి స్కాన్ తీస్తే, డోపమీన్ పెరిగింది పై వాటాలో. ఎంత పెరిగితే తహతహ అంత ఎక్కువగా చెప్పారు.

6. మాత్రాబలం

ఫార్మకాలజీ వైపు నుంచి కొంత. "పొంగిస్తుంది" అని ఒక్క మాటలో తేల్చేస్తే ఏ మందు ఎందుకు పనిచేస్తుందో అర్థం కాదు.

కొకైన్ విడుదలైన డోపమీన్‌ను వెనక్కి లాక్కునే పంపును మూసేస్తుంది. యాంఫెటమిన్, మెథాంఫెటమిన్ అదే పంపును తిరగతిప్పి లోపలి నిల్వను బయటకు కక్కిస్తాయి. హెరాయిన్, మార్ఫిన్ లాంటి ఒపియాయిడ్లు (నల్లమందు జాతి మందులు) నేరుగా డోపమీన్ న్యూరాన్లను ముట్టుకోవు. వాటికి బ్రేకు వేసే గాబా న్యూరాన్లను మ్యూ గ్రాహకాల (మందు అణువు వచ్చి అతుక్కునే తాళాల) ద్వారా నోరు మూయిస్తాయి. బ్రేకు తీస్తే బండి తనే కదులుతుంది. నికోటిన్ డోపమీన్ న్యూరాన్ల మీదున్న గ్రాహకాలను తడుతుంది, ముఖ్యంగా ఆల్ఫా4 బీటా2 రకం. ఆల్కహాల్‌కు ఒక తాళంచెవి అంటూ లేదు, గాబా, గ్లూటమేట్, ఒపియాయిడ్ వ్యవస్థలన్నిటినీ కదిలిస్తుంది.

వేగం విషయం ఎవరూ ఎత్తలేదు. అదే నికోటిన్ పొగలో పీలిస్తే 10 నుంచి 20 సెకన్లలో మెదడు చేరుతుంది. చర్మానికి అంటించే నికోటిన్ పట్టీ నుంచైతే గంటల మీద నెమ్మదిగా. మార్కులు వేసే మాస్టారికి పనీ ఫలితమూ ఎంత దగ్గరగా ఉంటే అంత బాగా కనిపిస్తాయి. రోజుకు 20 సిగరెట్ల పెట్టె ఒకటి, సిగరెట్టుకు పది దమ్ములు అనుకుంటే, రోజుకు 200 సార్లు చెయ్యి-నోరు-మెదడు పాఠం. మీటనొక్కుడు గారు చెప్పిన 500 ఎన్ని రోజులకు దాటుతుందో వేళ్ల మీద లెక్కెయ్యొచ్చు. (ఎలుక లెక్కను మనిషికి యథాతథంగా అతికించకూడదనుకోండి, తూకం అర్థం కావడానికి చెబుతున్నా.)

7. ఎదురువాదం

కథ అందంగా కుదిరింది. అందంగా కుదిరిన చోటే నాకు అనుమానం.

మొదటి పోస్టులోని రెండో ప్రశ్నను ఎవరూ ముట్టుకోలేదు. అలవాటంటే ఒకే సంకేతానికి ఒకే కదలిక. వ్యసనంలో ఉన్న మనిషి రోజు అలా ఉండదు. డబ్బు ఎక్కడ, మందు ఎవరి దగ్గర, ఎవరి కన్ను ఎలా కప్పాలి, దారి మూసుకుంటే ఇంకో దారి ఏది అని రోజూ కొత్త ఎత్తు. 2018లో సింగర్, రాబిన్సన్ బృందం ఎలుకలకు ఇదే పరిస్థితి కల్పించింది. కొకైన్ మీట దక్కాలంటే ప్రతి రోజూ ఒక కొత్త చిక్కుముడి విప్పాలి. అలవాటు కుదరడానికి వీలే లేదు. అయినా వాటిలో వ్యసన లక్షణాలన్నీ వచ్చాయి. అంటే వ్యసనానికి అలవాటు తప్పనిసరి కాదు.

రెడిష్ నమూనాకూ ఇదే గతి పట్టింది. అది నిజమైతే, ఒక సంకేతం ఇప్పటికే కొకైన్‌ను పూర్తిగా సూచిస్తున్నప్పుడు పక్కన చేర్చిన రెండో సంకేతం కూడా బలం పుంజుకోవాలి. 2007లో పన్లీలియో బృందం పరీక్షిస్తే రెండోది పుంజుకోలేదు, మామూలు బహుమానంలో లాగే. కాబట్టి "ప్రతిసారీ మార్కు పడుతూనే ఉంటుంది" అన్నది నిలవలేదు.

2007లోనే అహ్మద్ బృందం ఎలుకలకు కొకైన్ ఇంజెక్షనా, సాకరిన్ తీపి నీళ్లా అని ఎంపిక ఇచ్చింది. 94 శాతం తీపి వైపే పోయాయి. వేరే దారి లేనప్పుడు మాత్రమే మందు అంత బలంగా కనిపిస్తుంది. మనుషుల సంగతికి వస్తే, 2020లో లీ హోగార్త్ అధ్యయనాలన్నీ సమీక్షించి తేల్చింది ఇది: మందు తీసుకోవడం ప్రధానంగా లక్ష్యం చూసుకుని చేసే ఎంపికే. బాధ, దిగులు, విత్‌డ్రాయల్ (మందు ఆపినప్పుడు ఒళ్లు పడే యాతన) ఉన్నప్పుడు ఆ మందు విలువ అమాంతం పెరిగిపోతుంది, అంతే. విలువ పడిపోవడం కాదు, పెరగడం అసలు సమస్య.

8. మీటనొక్కుడు

పన్లీలియో విషయంలో మీరన్నది నిజం, రెడిష్ నమూనా ఆ రూపంలో నిలబడదు. సింగర్ ప్రయోగం కూడా గట్టిదే. కానీ దానివల్ల తేలింది "తప్పనిసరి కాదు" అని. "పాత్ర లేదు" అని కాదు.

వెతకడం వేరు, తీసుకోవడం వేరు. ఈ రెండిటినీ ఒకే మీటలో కలిపేసిన ప్రయోగాలే చాలాకాలం మనల్ని తప్పుదారి పట్టించాయి. నరంలోకి ఎక్కే కొకైన్‌కు వికారం అంటించడం ఎలాగూ కష్టం కనుక, ఒక గొలుసు కట్టారు: వెతుకులాట మీట నొక్కితే తీసుకునే మీట బయటికి వస్తుంది, అది నొక్కితే మందు. తర్వాత తీసుకునే మీటను విడిగా ఇచ్చి, ఎంత నొక్కినా మందు రాకుండా చేసి, దాన్ని నిష్ప్రయోజకం చేస్తారు. ఇప్పుడు వెతుకులాట మీట ఇస్తే? 2010లో జపాటా బృందం చూసింది: కొత్తలో ఎలుకలు తగ్గించాయి, చాలాకాలం నడిచాక తగ్గించలేదు. పై-బయటి స్ట్రయేటమ్‌ను తాత్కాలికంగా నిద్రపుచ్చగానే మళ్లీ తగ్గించాయి.

ఇంకా మందు ఎంతసేపు అందుబాటులో ఉందన్నది తీసిపారేయరాదు. అహ్మద్, కూబ్ 1998లోనే చూపారు: రోజుకు గంట మాత్రం ఇస్తే ఎలుకల వాడకం నిలకడగా ఉంది, 6 గంటలు ఇస్తే రోజురోజుకూ పెరిగింది. 2004లో డెరోష్-గామొనే బృందం సుమారు మూడు నెలలు నడిపి మూడు కొలతలు పెట్టింది: మందు లేదని తెలిసినా ఆగకపోవడం, ఎంత శ్రమైనా పడటం, షాక్ తగిలినా మానకపోవడం. మూడూ ఉన్నవి 17 శాతం ఎలుకలే. మిగతావీ అంతే మందు తీసుకున్నాయి. తీసుకున్న మోతాదు ఒక్కటే వ్యసనాన్ని నిర్ణయించదనడానికి ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదు.

నా అంచనా: వ్యూహం పన్నేది లక్ష్య వ్యవస్థ, దాన్ని తరిమేది బాధో తహతహో. చేతికందాక వెలిగించి పీల్చేది అలవాటు. ఎదురువాదం గారి లెక్కలో పై మెట్లున్నాయి, నా లెక్కలో కింది మెట్లు.

9. ఎదురువాదం

"కింది మెట్లు" వరకే అయితే పేచీ లేదు.

10. ప్రశ్నార్థకం

రెండు సందేహాలు. చాలా నెలలు మానేసినవాళ్లు ఒక్క పాత స్నేహితుడు కనపడగానే ఎందుకు జారిపోతారు? "21 రోజుల్లో అలవాటు మారుతుంది" అన్నది నిజమేనా?

11. అడుగుమెదడు

రెండోది ముందు: కాదు. 2010లో ఫిలిప్పా లాలీ బృందం రోజూ ఒక చిన్న మంచిపని చేయమని చెప్పి, అది తనంతట తాను జరిగే స్థాయికి ఎన్నాళ్లు పడుతుందో చూసింది. మధ్యస్థ విలువ 66 రోజులు, మనిషిని బట్టి 18 నుంచి 254 దాకా. అదీ కొత్త అలవాటు కట్టుకోవడానికి. పాతది పోగొట్టుకోవడానికి కాదు.

మొదటిదానికి: పాతది పోదు కనుక. మీట నొక్కినా మందు రాకుండా చేస్తూ పోతే నొక్కడం ఆగిపోతుంది. అది చెరిపివేత కాదు, పాత పాఠం మీద "ఇక్కడ, ఇప్పుడు వర్తించదు" అన్న కొత్త పాఠం. ఆ కొత్త పాఠం నేర్చిన గదికి అతుక్కుని ఉంటుంది. గది మారితే పాతది లేస్తుంది. ఒక్క డోసు తగిలినా లేస్తుంది. ఒత్తిడికీ లేస్తుంది. ఏమీ చేయకుండా కాలం గడిచినా కొంత లేస్తుంది.

కాలం మందు కాదనడానికి ఇంకో సాక్ష్యం. 2001లో గ్రిమ్, షాహమ్ బృందం కొకైన్ మాన్పించిన ఎలుకలను వేర్వేరు రోజుల తర్వాత పాత సంకేతాల ముందు పెట్టింది. మొదటి రోజు కంటే నెల తర్వాత, 60 రోజుల తర్వాత వెతుకులాట ఎక్కువ. విత్‌డ్రాయల్ బాధ దిగుతుంటే సంకేతానికి ఉలిక్కిపాటు లోలోపల పెరుగుతూ ఉంటుంది. "వారం గట్టెక్కాడు, ఇక భయం లేదు" అనుకోవడం అందుకే ప్రమాదం.

ఇదే నియమం మంచికీ పనికొస్తుంది. వియత్నాంలో హెరాయిన్‌కు బానిసలై అమెరికా తిరిగొచ్చిన సైనికులను లీ రాబిన్స్ వెంబడించి చూసింది. మళ్లీ వ్యసనంలో పడినవాళ్లు మొదటి ఏడాదిలో 5 శాతం, మూడేళ్లలో 12 శాతం. ఆ సంకేతాలన్నీ సముద్రం అవతల ఉండిపోయాయి. కారణం అదొక్కటే అనను, యుద్ధపు ఒత్తిడీ పోయింది, చవకగా దొరకడమూ పోయింది.

12. మాత్రాబలం

ఇక చికిత్సలోకి దింపుదాం. ఏ పనిముట్టు ఏ తీగను పట్టుకుంటుందో చూడకుండా వాడటమే చాలాచోట్ల జరిగే తప్పు.

విత్‌డ్రాయల్ బాధ ఉంటే ముందు దాని సంగతి. అది ఉన్నంతసేపు మందు విలువ ఆకాశంలో ఉంటుంది, ఏ ఉపదేశమూ చెవికెక్కదు. హెరాయిన్‌లో అది 8 నుంచి 24 గంటల్లో మొదలై 4 నుంచి 10 రోజులు ఉంటుంది. ఆల్కహాల్‌లో మూర్ఛలు 6 నుంచి 48 గంటల మధ్య, డెలీరియం (మతి తప్పి గందరగోళపడటం) 48 నుంచి 96 గంటల మధ్య రావచ్చు. రోజూ ఎక్కువగా తాగేవాళ్లు, బెంజోడయాజెపైన్ (నిద్రకూ ఆందోళనకూ ఇచ్చే) మాత్రలు వాడేవాళ్లు ఇంట్లో ఒక్కసారిగా ఆపేయకూడదు. ప్రాణం పోతుంది.

ఒపియాయిడ్లలో హెరాయిన్ బదులు ఇచ్చే మెథడోన్, బుప్రెనార్ఫిన్ బాధను తీసేస్తాయి, పైగా ఎగుడుదిగుళ్లు లేని మట్టం ఉంచి "తీసుకున్నాను, వెంటనే ఎక్కింది" అన్న పాఠాన్ని కోసేస్తాయి. బుప్రెనార్ఫిన్ తొందరపడి ఇస్తే మాత్రం ఎదురు తిరుగుతుంది. గ్రాహకాన్ని గట్టిగా పట్టుకుని, ఉన్న హెరాయిన్‌ను తోసేసి, తను సగమే తడుతుంది. దాంతో ఒక్కసారిగా తీవ్రమైన విత్‌డ్రాయల్. అందుకే లక్షణాలు కనబడేదాకా, ఆఖరి హెరాయిన్ తర్వాత కనీసం 12 గంటలైనా, ఆగుతారు. మెథడోన్ మీద ఉన్నవాళ్లకు ఇంకా ఎక్కువ.

సిగరెట్టు మాన్పించడానికి ఇచ్చే మాత్ర వారెనిక్లిన్ నాకు ఇష్టమైన ఉదాహరణ, ఎందుకంటే అది పై ప్రయోగాలను మనిషిలోనే జరిపిస్తుంది. ఆల్ఫా4 బీటా2 గ్రాహకాన్ని సగం తడుతుంది, నికోటిన్‌కు చోటివ్వదు. మానే తేదీకి వారం ముందే మొదలుపెడతారు: 3 రోజులు 0.5 మిల్లీగ్రాము రోజుకోసారి, తర్వాత 4 రోజులు రెండుపూటలా, ఎనిమిదో రోజు నుంచి 1 మిల్లీగ్రాము రెండుపూటలా, మొత్తం 12 వారాలు. ఆ మొదటి వారం పొగ తాగుతూనే ఉంటారు. చెయ్యి వెళ్తుంది, దమ్ము వస్తుంది, ఎక్కదు. అదే పెట్టె, అదే కుర్చీ, పాత సంకేతాల మధ్యే మార్కు తగ్గుతుంది. ఆ వారం మందు "పనిచేయడం లేదు" అని మానేసేవాళ్లే ఎక్కువ తప్పు చేసేవాళ్లు.

నికోటిన్ పట్టీ విత్‌డ్రాయల్‌ను మాత్రమే చూస్తుంది. రోజుకు 10 కంటే ఎక్కువ తాగేవాళ్లకు 21 మిల్లీగ్రాములు 6 వారాలు, 14 రెండు వారాలు, 7 రెండు వారాలు. చేతి అలవాటు అలాగే ఉంటుంది కాబట్టి పైన నికోటిన్ గమ్ కలుపుతారు. లేచిన అరగంటలో మొదటి సిగరెట్టు కాలిస్తే 4 మిల్లీగ్రాముల గమ్, లేకపోతే 2. మామూలు చూయింగ్ గమ్‌లా నమిలితే నికోటిన్ కడుపులోకి పోయి, ఎక్కిళ్లూ వికారమూ తప్ప ఒరిగేది ఉండదు. నోరు చురుక్కుమనేదాకా నమిలి, చిగురుకూ బుగ్గకూ మధ్య పెట్టి, చురుకు తగ్గాక మళ్లీ నమలాలి, ఇలా అరగంట. నమలడానికి 15 నిమిషాల ముందు నుంచి కాఫీ, పళ్లరసం లాంటివి వద్దు. నోట్లో పులుపు ఉంటే నికోటిన్ లోపలికి ఇంకదు.

13. మీటనొక్కుడు

అలవాటు తీగకు మందుబిళ్ల లేదు కనుక దానికి చేయాల్సిందేమిటో చెబుతాను.

సంకల్పం "మానేస్తాను" అన్న రూపంలో ఉంటే లక్ష్య వ్యవస్థకు వినబడుతుంది, అలవాటుకు వినబడదు. అలవాటుకు అర్థమయ్యే భాష సంకేతం-కదలిక ఒక్కటే. గోల్‌విట్జర్ చెప్పిన "అలా అయితే ఇలా" పద్ధతి ఆ భాషలోదే: "భోజనం ముగించి కుర్చీ జరపగానే, నేరుగా వెళ్లి పళ్లు తోముకుంటాను". సంకేతం చేతితో చూపించగలిగేంత స్పష్టంగా ఉండాలి. "తహతహ పుట్టినప్పుడు" అంటే చాలదు, అది పుట్టేసరికే చెయ్యి సగం దారిలో ఉంటుంది. కదలిక కూడా "తాగను" అని ఉండకూడదు. చేయకపోవడాన్ని స్ట్రయేటమ్‌కు నేర్పడం కష్టం, వేరే పని నేర్పడం సులువు.

రెండోది, దారిలో రాయి వేయడం. 2011లో నీల్, వుడ్ బృందం సినిమా హాల్లో జనానికి పాచిపోయిన పాప్‌కార్న్ ఇచ్చింది. బలమైన అలవాటున్నవాళ్లు బాగోలేదంటూనే తాజాదైతే ఎంత తినేవారో అంతా తిన్నారు. ఎడమచేతి వాటం లేనివాళ్లను ఎడమచేత్తో తినమన్నప్పుడు ఆ గుడ్డితనం పోయింది. పెట్టె వేరే గదిలో, లైటర్ వేరే అంతస్తులో, కూర్చునే చోటు మార్పు. ఇవి చిల్లరగా కనిపిస్తాయి గానీ, కదలికల గొలుసులో ఒక లింకు తెగితే పగ్గం క్షణంపాటు లెక్క చూసే వాటా చేతికి వస్తుంది. ఆ క్షణంలో వాడుకోవడానికి పై "అలా అయితే ఇలా" సిద్ధంగా ఉండాలి.

14. ఎదురువాదం

ఎంపిక వైపు పనిచేసేదాన్ని వదిలేశారు. కొకైన్, మెథాంఫెటమిన్ వ్యసనాలకు ఆమోదం పొందిన మందే లేదు. ఉన్నవాటిలో బలమైన సాక్ష్యం ఉన్నది మూత్ర పరీక్ష శుభ్రంగా వచ్చిన ప్రతిసారీ వెంటనే చిన్న బహుమానం ఇచ్చే పద్ధతి, 1990ల మొదట్లో హిగ్గిన్స్ నిలబెట్టినది. అహ్మద్ ఎలుకలకు తీపి నీళ్లు ఎలాగో ఇదీ అలాగే.

చెడేది వివరాల్లోనే. కొకైన్ అవశేషం మూత్రంలో సుమారు 2 నుంచి 3 రోజులు ఉంటుంది. వారానికి ఒక్క పరీక్ష పెడితే మధ్యలో వాడినది దొరకదు, వారానికి మూడు కావాలి. ఫలితం చెప్పిన నిమిషంలోనే బహుమానం చేతిలో పడాలి, నెలాఖరున అంటే మార్కు పడదు. వరసగా శుభ్రంగా వస్తే విలువ పెరుగుతూ పోవాలి, ఒక్కసారి తప్పితే మొదటి మెట్టుకు పడాలి, కానీ మళ్లీ కొన్నిసార్లు వరసగా వస్తే పాత మెట్టు తిరిగి దక్కాలి. ఈ ఆఖరి నిబంధన తీసేస్తే ఒక్క జారుడుతో మనిషి పూర్తిగా వదిలేసుకుంటాడు. కార్యక్రమం ఆపాక ప్రభావం కొంత జారిపోతుంది. అందుకే ఆ నెలల్లోనే పని, తోడు లాంటి వేరే బహుమానాలు దొరికేలా చూడాలి.

15. ప్రశ్నార్థకం

నోట్సు రాసుకుంటున్నా. ఒక్కటి మిగిలింది: మానేసి కొన్నాళ్లయ్యాక మళ్లీ తీసుకున్నవాళ్లు పాత మోతాదుకే చనిపోవడం వింటుంటాం. శరీరం తట్టుకునే శక్తి తగ్గడమేనా, సంకేతాలకు కూడా పాత్ర ఉందా?

16. మాత్రాబలం

రెండూ ఉన్నాయి. తట్టుకునే శక్తిలో ఒక వాటా గ్రాహకాలది. అది వాడకం ఆపిన రోజుల నుంచి వారాల్లోనే కరుగుతుంది. ఇంకో వాటా నేర్చుకున్నది: అలవాటైన చోటు, అలవాటైన సరంజామా కనిపించగానే శరీరం మందుకు ఎదురుగా ముందే సర్దుకుంటుంది. 1982లో సీగెల్ బృందం ఎలుకలకు ఒక గదిలో హెరాయిన్ అలవాటు చేసి, చివర పెద్ద మోతాదు ఇచ్చింది. అసలు అలవాటు లేనివాటిలో 96 శాతం చనిపోయాయి. అలవాటున్నా కొత్త గదిలో ఇచ్చినవాటిలో 64 శాతం. అదే మోతాదు పాత గదిలో ఇస్తే 32 శాతం.

కాబట్టి జైలు నుంచో చికిత్స కేంద్రం నుంచో బయటికొచ్చిన మొదటి రెండు వారాలు అన్నిటికంటే ప్రమాదం. గ్రాహకాల రక్షణ పోయి ఉంటుంది, చోటు కొత్తదైతే నేర్చుకున్న రక్షణ కూడా ఉండదు. నాల్ట్రెక్సోన్ (ఒపియాయిడ్ గ్రాహకాలను మూసి ఉంచే మందు) వాడి మధ్యలో ఆపేసినవాళ్లదీ ఇదే స్థితి. ఇంట్లో నాలొక్సోన్ (ఒపియాయిడ్ మోతాదు మించినప్పుడు దాన్ని తిప్పికొట్టే మందు) ఉంచుకోమనేది అందుకే. ఒకటి గుర్తుంచుకోవాలి: నాలొక్సోన్ ప్రభావం 30 నుంచి 90 నిమిషాలే, చాలా ఒపియాయిడ్లు అంతకంటే ఎక్కువసేపు ఉంటాయి. మనిషి లేచి కూర్చున్నాడని ఒంటరిగా వదిలేస్తే శ్వాస మళ్లీ మందగించవచ్చు. అంబులెన్స్ వచ్చేదాకా పక్కకు తిప్పి పడుకోబెట్టి, దగ్గరే ఉండి శ్వాస చూస్తూ ఉండాలి.